మనం వెళ్ళిపోయాక కూడా పనిచేసే ప్లగిన్

పఠన పాఠం: 9 నుంచి 12 తరగతుల వరకు

ఈ పాఠంలో: ప్లగిన్ అంటే ఏమిటి, దాన్ని స్వేచ్ఛగా విడుదల చేయడం అంటే ఏమిటి, విడుదలలో భాష చేసే పని ఎంత, మన తర్వాత ఆ పనిని ఎవరికి ఎలా అప్పగించాలి.



కంప్యూటర్ పాఠం తెలుగు విభాగంలో ఎందుకు వచ్చిందని మీరు అడగవచ్చు. మీలో చాలామంది కోడ్ రాయడం మీ కంప్యూటర్ ఉపాధ్యాయుల దగ్గర నేర్చుకుంటున్నారు. అది మేము చెప్పబోము. రాసిన కోడ్‌ను ముక్కూమొహం తెలియనివారు కూడా వాడుకునేలా ఇవ్వాలంటే పేరు పెట్టాలి, వివరణ రాయాలి, షరతులు చెప్పాలి, అనువాదానికి చోటు ఉంచాలి, అడిగినవారికి జవాబివ్వాలి. ఇదంతా మాటలతో చేసే పని. యంత్రానికి కోడ్ చాలు, మనుషులకు మాత్రం మాట కావాలి. ఆ మాట సరిగా లేని మంచి కోడ్ రాసినవారితోనే ఆగిపోతుంది. మూడేళ్ళకో నాలుగేళ్ళకో ఊరు మారే మనకు ఈ సంగతి మిగతావారికంటే ఎక్కువ అవసరం.

1. సీఎంఎస్, ప్లగిన్, కొక్కెం

చాలా విద్యాలయాలకు వెబ్‌సైట్లు ఉన్నాయి. ప్రవేశాల ప్రకటన, పరీక్షల పట్టిక, వార్షికోత్సవం ఫొటోలు వాటిలో చూస్తుంటాం. వాటిని పెట్టేవారు ప్రతిసారీ కోడ్ రాయరు. ఒక పెట్టెలో విషయం టైపు చేసి, ఫొటో జతచేసి, ప్రచురించే బటన్ నొక్కుతారు. మిగతా పని చేసే సాఫ్ట్‌వేర్‌ను కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, క్లుప్తంగా సీఎంఎస్ అంటారు. వర్డ్‌ప్రెస్, డ్రూపల్, జూమ్లా వీటిలో పేరున్నవి. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో పదింటికి నాలుగు ఒక్క వర్డ్‌ప్రెస్ మీదే నడుస్తున్నాయి. ఈ మూడూ ఎవరైనా ఉచితంగా తీసుకోగలిగినవే, మూడింటి సోర్స్ కోడూ బహిరంగమే.

ఒక్క సాఫ్ట్‌వేర్ అందరి అవసరాలూ తీర్చలేదు. ఒక బడికి గ్రంథాలయ జాబితా కావాలి, ఇంకో బడికి సెలవుల క్యాలెండర్ కావాలి. ఇంట్లో టేబుల్‌టాప్ గ్రైండర్ చూసే ఉంటారు. పిండి రుబ్బడం దాని అసలు పని. కొబ్బరి కోరే భాగం బిగిస్తే కొబ్బరి కోరుతుంది, చపాతీ పిండి కలిపే భాగం బిగిస్తే పిండి కలుపుతుంది. దానికోసం గ్రైండరును కోయనక్కరలేదు, పని అయ్యాక ఆ భాగం తీసి పక్కన పెట్టవచ్చు. సీఎంఎస్‌కు ఇలా బిగించే భాగాన్ని వర్డ్‌ప్రెస్‌లో ప్లగిన్ అంటారు. డ్రూపల్‌లో మాడ్యూల్ అనీ, జూమ్లాలో ఎక్స్‌టెన్షన్ అనీ అంటారు. పేర్లు వేరైనా పద్ధతి ఒకటే.

బిగించడానికి యంత్రంలో ముందే చోటు ఉండాలి కదా! వర్డ్‌ప్రెస్‌లో ఆ చోటును హుక్ అంటారు. హుక్ అంటే తెలుగులో కొక్కెం. గోడకు మేకులు కొట్టకుండా కొక్కేనికి సంచి తగిలించినట్టు, వర్డ్‌ప్రెస్ అసలు కోడ్‌ను ముట్టుకోకుండా మన కోడ్‌ను దానికి తగిలిస్తాం. ఈ కొక్కేలు రెండు రకాలు. మొదటిది యాక్షన్. పేజీ మొదలైనప్పుడు, వ్యాసం ప్రచురితమైనప్పుడు, ఇలా కొన్ని సందర్భాల్లో వర్డ్‌ప్రెస్ ఒక్క క్షణం ఆగి, ఇక్కడ ఎవరికైనా పనుందా అని అడుగుతుంది. మన కోడ్ అక్కడ తన పని చేసుకుంటుంది. రెండోది ఫిల్టర్. ఒక వాక్యాన్నో వ్యాసాన్నో మన చేతికిస్తుంది. మనం దాన్ని మార్చి తిరిగి ఇవ్వాలి. ఇవ్వడం మరిచిపోతే చదివేవారికి ఖాళీ పేజీ కనిపిస్తుంది.

2. ఆగిపోయిన పని నుంచి పుట్టిన వర్డ్‌ప్రెస్

వర్డ్‌ప్రెస్ ఎలా పుట్టిందో తెలుసుకుంటే మన పాఠం సగం అర్థమవుతుంది. మిషెల్ వాల్‌డ్రిగి అనే ఆయన 2001లో బీ2 అనే చిన్న సాఫ్ట్‌వేర్ తయారుచేశాడు. ఇంటర్నెట్‌లో రోజువారీ రాతలు ప్రచురించుకోవడానికి అది పనికొచ్చేది. కొంతకాలానికి ఆయన దాని పని ఆపేశాడు. కొత్త దిద్దుబాట్లు రావడం లేదు. బీ2ను నమ్ముకుని రాసుకుంటున్నవారు ఇబ్బందిలో పడ్డారు.

వారిలో మాట్ మలెన్‌వెగ్ ఒకడు. అమెరికాలోని హ్యూస్టన్‌లో చదువుకుంటున్న అతనికి అప్పుడు 19 ఏళ్ళు. 2003 జనవరిలో, ఈ పనిని ఇక్కడి నుంచి మనమే ముందుకు తీసుకువెళ్తే ఎలా ఉంటుందని బహిరంగంగా రాశాడు. ఇంగ్లండ్ నుంచి మైక్ లిటిల్ అనే ప్రోగ్రామర్, తానూ కలుస్తానన్నాడు. బీ2 కోడ్‌ను తీసుకుని, సరిచేసి, ఆ ఏడాది మే 27న కొత్త పేరుతో విడుదల చేశారు. ఆ పేరే వర్డ్‌ప్రెస్.

ఒకరు రాసిన కోడ్‌ను ఇంకొకరు తీసుకోవడం తప్పు కాదా? ఇక్కడ కాదు. వాల్‌డ్రిగి బీ2ను జీపీఎల్ అనే లైసెన్స్ కింద విడుదల చేశాడు. ఈ కోడ్‌ను ఎవరైనా వాడుకోవచ్చు, మార్చవచ్చు, మార్చినదాన్ని పంచవచ్చు అని ఆ లైసెన్స్ ముందే చెప్పింది. ఆయన్ను వెతికి పట్టుకుని అనుమతి అడగాల్సిన అవసరం రాలేదు. ఆ అనుమతి కోడ్‌తో పాటే ఉంది. అది లేకపోతే బీ2 అక్కడే ఆగిపోయేది, వర్డ్‌ప్రెస్ ఉండేది కాదు. ఒకరి పనిని ఇలా ఇంకో పాయగా తీసుకువెళ్ళడాన్ని ఫోర్క్ అంటారు. అఖండ గోదావరి ధవళేశ్వరం దాటాక గౌతమిగా, వశిష్ఠగా చీలుతుంది కదా, అలాంటిదే.

2004 మేలో వచ్చిన 1.2 వెర్షన్‌తో వర్డ్‌ప్రెస్‌కు ప్లగిన్ల ఏర్పాటు వచ్చింది. హలో డాలీ అనేది దాని మొదటి ప్లగిన్‌గా ప్రసిద్ధం. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాడిన ఒక పాటలోని పాదాలను నిర్వాహకుల పేజీలో ఒక్కొక్కటిగా చూపించడం తప్ప అది ఇంకేమీ చేయదు. అయినా ఎంతోమంది దాని కోడ్ తెరిచి చూసే ప్లగిన్ రాయడం నేర్చుకున్నారు. నేడు వర్డ్‌ప్రెస్ అధికారిక జాబితాలో 50 వేలకు పైగా ఉచిత ప్లగిన్లు ఉన్నాయి.

3. 'ఉచితం' అనే మాటలో రెండు అర్థాలు

ఇంగ్లిషులో ఫ్రీ అనే ఒక్క మాటకు డబ్బు లేకుండా దొరికేది అని ఒక అర్థం, కట్టుబాటు లేనిది అని ఇంకో అర్థం ఉన్నాయి. దానివల్ల ఫ్రీ సాఫ్ట్‌వేర్ అంటే చవకబారు సరుకేమో అనుకునేవారు ఎక్కువయ్యారు. మన భాషలకు ఆ చిక్కు లేదు. తెలుగులో ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హిందీలో ముఫ్త్ వేరు, ముక్త్ వేరు. కన్నడంలో ఉచిత వేరు, స్వతంత్ర వేరు. మీ తరగతిలో ఇంకా ఏ భాషల పిల్లలు ఉంటే వారిని అడిగి ఇలాంటి జంటలు రాసుకోండి.

ఉచితం అన్న మాటకు మన భాషలోనే ఇంకో అర్థం ఉంది. ఉచితానుచితాలు, సముచితం, యథోచితం అంటాం. అక్కడ ఉచితం అంటే తగినది. సంస్కృతంలో దాని అసలు అర్థం ఇదే. డబ్బు తీసుకోకుండా ఇవ్వడం మొదటి అర్థంలో ఉచితం. తీసుకునేవారికి తగిన విధంగా ఇవ్వడం రెండో అర్థంలో ఉచితం. ప్లగిన్ విడుదల చేసేవారికి ఈ రెండూ కావాలి.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమాన్ని 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ మొదలుపెట్టాడు. వాడేవారికి నాలుగు స్వేచ్ఛలు ఉండాలని ఆ ఉద్యమం చెబుతుంది.

మొదటిది, ఏ పనికైనా వాడుకునే స్వేచ్ఛ.
రెండోది, ఎలా పనిచేస్తుందో చదివి, కావలసినట్టు మార్చుకునే స్వేచ్ఛ.
మూడోది, నకళ్ళు ఇతరులకు పంచే స్వేచ్ఛ.
నాలుగోది, మార్చిన రూపాన్ని కూడా పంచే స్వేచ్ఛ.

రెండోదీ నాలుగోదీ సోర్స్ కోడ్ చేతిలో ఉంటేనే సాధ్యం. జీపీఎల్ ఈ నాలుగింటినీ ఇస్తూ ఒక బాధ్యత కూడా పెడుతుంది. మీరు మార్చి పంచితే, తీసుకున్నవారికి కూడా ఇవే స్వేచ్ఛలు ఇవ్వాలి. అందినదాన్ని దాచి తలుపు మూయకూడదు. వర్డ్‌ప్రెస్ 1991 నాటి జీపీఎల్ రెండో వెర్షన్ కింద, లేదా ఆ తర్వాతి వెర్షన్ల కింద లభిస్తుంది. దాని అధికారిక జాబితాలో చేరే ప్లగిన్ల లైసెన్స్ కూడా జీపీఎల్‌తో పొసగాలి.

నేను ఇంటర్నెట్‌లో పెట్టేశాను, ఇంక లైసెన్స్ ఎందుకు అని కొందరు అంటారు. మన 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య కృతుల్లో చేరుస్తుంది. కథకూ కవితకూ ఉన్నట్టే కోడ్‌కు కూడా రాసిన క్షణం నుంచే హక్కు ఉంటుంది. లైసెన్స్ రాయకపోతే ఆ హక్కంతా రాసినవారి దగ్గరే ఉండిపోతుంది. అందరికీ కనిపిస్తుంది, ఎవరూ ధైర్యంగా వాడుకోలేరు. మీరు ఇద్దామనుకున్నా ఇచ్చినట్టు కాదు.

4. 'నేటి పదం': ఒక నమూనా విడుదల

ఇప్పుడు ఒక ఉదాహరణ ఊహించుకుందాం. బడి వెబ్‌సైట్‌లో రోజుకో తెలుగు మాట, దాని అర్థం చూపించే చిన్న ప్లగిన్ రాశాం. పేరు 'నేటి పదం'. మన బడిలో బాగా నడుస్తోంది. దీన్ని అందరికీ విడుదల చేయాలంటే ఏమేం చేయాలి?

పేరు, తలపరిచయం. ప్రధాన ఫైలు పైభాగంలో ప్లగిన్ పేరు, వెర్షన్, రాసినవారు, లైసెన్స్ వరుసగా రాయాలి. వర్డ్‌ప్రెస్ గుర్తుపట్టడానికి వీటిలో పేరు ఒక్కటీ చాలు. మనుషులకు మిగతావన్నీ కావాలి. ఇతరుల వ్యాపార నామాన్ని మన పేరులో వాడుకోకూడదు.

లోపలి సరుకు. అర్థాలు ఎక్కడి నుంచి తెచ్చాం? ఈమధ్య అచ్చయిన నిఘంటువు నుంచి వరసగా ఎత్తి రాస్తే అది ఇంకొకరి సొత్తు, దానికి మనం లైసెన్స్ ఇవ్వలేం. మన దేశంలో సాహిత్య కృతికి కాపీరైట్ రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు ఉంటుంది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1884లో మరణించారు. 1852లో అచ్చయిన ఆయన తెలుగు–ఇంగ్లిషు నిఘంటువు ఇప్పుడు అందరిదీ. దాని నుంచి తీసుకోవచ్చు. అలా తీసుకున్నామని చెప్పడం మర్యాద. అన్నిటికంటే మంచిది, అర్థాలు మన మాటల్లో మనమే రాయడం.

అక్షర రూపం. తెలుగు అందంగా కనిపించాలంటే మంచి ఫాంటు కావాలి. సిలికానాంధ్ర విడుదల చేసిన తెలుగు ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద లభిస్తున్నాయి. వాటి పేర్లు చూడండి: పెద్దన, తిమ్మన, ధూర్జటి, రామభద్ర, తెనాలి రామకృష్ణ, సూరన్న. తెలుగు సాహిత్య చరిత్ర పాఠం ఫాంట్ల పట్టికలో ఎదురైనట్టు ఉంటుంది. ఫాంటును మన ప్లగిన్‌లో కలిపితే దాని హక్కుల ప్రకటనా లైసెన్స్ పాఠమూ కూడా కలిపి ఉంచాలి. ఉచితంగా వచ్చింది కదా అని కర్త పేరు చెరిపేయకూడదు.

రీడ్‌మీ. 'నన్ను చదువు' అని దాని అర్థం. ఈ ప్లగిన్ ఏం చేస్తుంది, ఎలా పెట్టుకోవాలి, వర్డ్‌ప్రెస్ ఏ వెర్షన్ నుంచి పనిచేస్తుంది, ఏ వెర్షన్ వరకు పరీక్షించాం, తరచుగా అడిగే ప్రశ్నలు, ఏ వెర్షన్‌లో ఏం మారింది, ఇవన్నీ అందులో ఉండాలి. ఏం చేయదో కూడా రాయాలి. 'ఇది రోజుకో మాట చూపిస్తుంది. ఉచ్చారణ వినిపించదు' అన్న రెండు వాక్యాలు ఎంతోమంది సమయం కాపాడతాయి.

భద్రత. పాఠకులు కొత్త మాటలు సూచించే పెట్టె ఒకటి పెట్టాం అనుకుందాం. మాట రాయాల్సిన చోట ఎవరో కోడ్ ముక్క అతికిస్తారు. మనం దాన్ని అలాగే పేజీలో చూపిస్తే, ఆ పేజీ తెరిచిన ప్రతి ఒక్కరి బ్రౌజర్‌లో అది నడుస్తుంది. అందుకే లోపలికి వచ్చేదాన్ని శుభ్రం చేయాలి, బయటికి చూపించేదాన్ని హాని లేకుండా మార్చాలి. ఈ రెండు పనులకూ వర్డ్‌ప్రెస్ తయారుగా ఫంక్షన్లు ఇస్తుంది. మన ఒక్క బడికి జరిగే నష్టం, విడుదల చేశాక వాడే ప్రతి చోటా జరుగుతుంది.

పరిశీలన. అధికారిక జాబితాలో చేర్చమని కోరితే, ముందుగా పరిశీలకులు కోడ్ చూస్తారు. మనుషులు చదవగలిగేలా ఉండాలి. అనుమతి అడగకుండా వాడుకరుల వివరాలు సేకరించకూడదు. ఉచితం అని చెప్పి లోపల కొన్ని పనులకు తాళం వేసి, డబ్బిస్తే తెరుస్తామనకూడదు. లోపాలుంటే రాసి పంపుతారు. వాటిని చూసి చిన్నబుచ్చుకోనక్కరలేదు. వ్యాసానికి ఎర్ర సిరా దిద్దుబాటు ఎలాగో ఇదీ అలాగే.

వెర్షన్ సంఖ్య. 1.0.0 అని మొదలుపెట్టాం అనుకోండి. చిన్న తప్పు దిద్దితే 1.0.1. కొత్త సౌకర్యం చేరితే 1.1.0. పాతవారి సైటులో ఏదైనా మార్చక తప్పనంత పెద్ద మార్పు అయితే 2.0.0. చాలామంది ప్రోగ్రామర్లు ఈ పద్ధతి పాటిస్తారు. ఆ మూడు అంకెలు చూసి, ఇప్పుడే మార్చుకోవచ్చా, సెలవు రోజున మార్చుకోవాలా అన్నది వాడేవారు నిర్ణయించుకుంటారు.

5. అనువాదానికి చోటు

మన ప్లగిన్‌ను గువాహటిలో ఒక బడి అస్సామీ మాటల కోసం వాడుకోవాలనుకుంటే? బటన్ల మీద, గడుల మీద మనం రాసిన తెలుగు వారికి తెలియదు. కాబట్టి తెర మీద కనిపించే ప్రతి మాటనూ కోడ్‌లో గుర్తుపెట్టి ఉంచాలి. అలా గుర్తుపెట్టిన మాటల జాబితా ఒక ఫైలుగా తయారవుతుంది. అనువాదకులు కోడ్ జోలికి పోకుండా ఆ జాబితా పక్కన తమ భాష రాస్తారు. మూలంలో ఇంగ్లిషు ఉంచడం వర్డ్‌ప్రెస్‌లో వాడుక. మన తెలుగు దానికి ఒక అనువాదంగా చేరుతుంది.

ఇక్కడే వ్యాకరణం పనికొస్తుంది. ఇంగ్లిషు వాక్యాన్ని మూడు ముక్కలు చేసి మధ్యలో పేరు ఇరికిస్తే, ఇంగ్లిషులో సరిపోవచ్చు. తెలుగులో క్రియ చివరికి పోతుంది, విభక్తి పేరుకు అతుక్కుంటుంది. ముక్కల వరుస మన భాషకు కుదరదు. కాబట్టి వాక్యం మొత్తం ఒకే ముక్కగా ఉంచి, పేరు రావలసిన చోట ఒక గుర్తు పెట్టాలి. ఆ గుర్తు ఎక్కడ ఉండాలో అనువాదకులు తమ భాషను బట్టి చూసుకుంటారు.

ఇంకో చిక్కు ఉంది. ప్రోగ్రాము ప్రతి పేరు చివరా 'కు' చేర్చిందనుకోండి. సీతకు, సలీంకు బాగానే ఉన్నాయి. రవికు, మేరీకు అంటే చెవికి తగులుతుంది. ఇకారం మీద ముగిసే పేర్లకు 'కి' రావాలి: రవికి, మేరీకి. రాముడు అయితే రాముడికి అవుతుంది. ఇన్ని సూత్రాలు యంత్రానికి నేర్పడం కష్టం. తెలుగులోనే దీనికి ఒక సులువైన దారి ఉంది. పేరు తర్వాత 'గారికి' అని రాస్తే చాలు. రవి గారికి, సీత గారికి, సలీం గారికి, మేరీ గారికి. పేరు మారినా విభక్తి 'గారు' మీదే పడుతుంది కాబట్టి ఎక్కడా తప్పు రాదు. పైగా మర్యాద కూడా.

ఏకవచన, బహువచనాల సంగతీ అంతే. '1 పదాలు' అని చూపే ప్లగిన్‌ను చూసి నవ్వుకుంటాం. ఒకటికి ఒక రూపం, మిగతా అంకెలకు ఇంకో రూపం ఇచ్చే ఏర్పాటు ఇందులో ఉంది. రష్యన్, అరబిక్ వంటి భాషలకు ఇంకా ఎక్కువ రూపాలు కావాలి. ఆ భాషలు రాకపోయినా, వాటికి చోటు ఉంచడం మన పని.

6. చలివేంద్రం ఒక్కరోజు పని కాదు

ఎండాకాలంలో మన ఊళ్ళలో చలివేంద్రాలు పెడతారు. పందిరి వేసి, కుండలు పెట్టి, ప్రారంభించే రోజు పదిమంది వస్తారు. ఆ తర్వాత వాన పడేదాకా రోజూ కుండ కడిగి నీళ్ళు నింపేవారు ఉంటేనే అది చలివేంద్రం. లేకపోతే ఎండలో నడిచి వచ్చినవారు ఖాళీ కుండ చూసి వెనక్కి పోతారు. కుండే లేకపోతే వారు ఇంకో దారి చూసుకునేవారు.

ప్లగిన్ కూడా అంతే. వర్డ్‌ప్రెస్ కొత్త వెర్షన్లు వస్తూనే ఉంటాయి. అది నడిచే పీహెచ్‌పీ భాష కూడా మారుతూ ఉంటుంది. నిన్న పనిచేసినది రేపు ఆగవచ్చు. చాలాకాలం ఎవరూ పట్టించుకోని ప్లగిన్ పేజీ మీద, ఇది వర్డ్‌ప్రెస్ ఇటీవలి మూడు పెద్ద వెర్షన్లతో పరీక్షించినది కాదు అన్న హెచ్చరిక కనిపిస్తుంది.

వాడేవారు ప్రశ్నలు అడుగుతారు. కొందరు కృతజ్ఞతలు చెబుతారు, కొందరు డబ్బిచ్చి కొన్నట్టు కోప్పడతారు. ఇద్దరికీ ఒకే మర్యాదతో, క్లుప్తంగా జవాబివ్వాలి. చేయలేని పని అడిగితే చేయలేమని సూటిగా చెప్పడం, నెలల తరబడి చూద్దాం చూద్దాం అనడం కంటే మేలు. మీకు మార్చిలో పరీక్షలు ఉంటాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో జవాబులు ఆలస్యమవుతాయి అని రీడ్‌మీలో ఒక్క వాక్యం రాస్తే ఎవరూ తప్పు పట్టరు. ఒక్కదానికి మాత్రం వాయిదా లేదు. భద్రతా లోపం ఉందని ఎవరైనా తెలియజేస్తే, దాన్ని బహిరంగంగా చర్చించకుండా ముందు దిద్ది, కొత్త వెర్షన్ విడుదల చేసి, ఆ తర్వాత అందరికీ చెప్పాలి. మీరు పరీక్షల్లో ఉంటే ఆ పని చేయగల ఇంకొకరు ఉండాలి. అందుకే ఒక్కరే నడిపే ప్లగిన్‌కు కష్టం ఎక్కువ.

7. చార్జ్ అప్పగించడం

మీ ఇళ్ళలో ఈ మాట వినే ఉంటారు. బదిలీ ఉత్తర్వు వస్తుంది. కొత్తగా వచ్చేవారికి చార్జ్ అప్పగించాలి. ఫైళ్ళు, తాళాలు, సరుకుల పట్టిక, సగంలో ఉన్న పనుల వివరం రాసి ఇద్దరూ సంతకాలు చేస్తారు. ఆ తర్వాతే పాత ఉద్యోగి బయలుదేరతారు. మేము కూడా ప్రతి బదిలీలో గ్రంథాలయ పుస్తకాలు, మార్కుల రిజిస్టర్లు లెక్కచూసి ఇచ్చే బయలుదేరతాం. బాగా అప్పగించిన చోట వచ్చినవారు మర్నాడే పని మొదలుపెడతారు. లేకపోతే ఆరు నెలలు వెతుకులాటే.

పిల్లల పనులకు మాత్రం ఈ అప్పగింత సాధారణంగా ఉండదు. పదో తరగతి విద్యార్థి బడి సైటుకు చక్కని ప్లగిన్ రాస్తాడు. ఏప్రిల్‌లో వాళ్ళ నాన్నగారికి బదిలీ అవుతుంది. కోడ్ అతని ల్యాప్‌టాప్‌లో, ఖాతా అతని ఈమెయిల్ మీద ఉంటాయి. జూలైలో ప్లగిన్ ఆగిపోతే ఎవరిని అడగాలో తెలియదు. చివరికి దాన్ని తీసేస్తారు. అతని ఏడాది కష్టం ఎవరికీ గుర్తుండదు. పిల్లవాడిలో లోపం లేదు, ఊరు వదిలి వెళ్ళడం అతని చేతిలో లేదు. పని ఎక్కడ ఉండాలి, ఎవరి చేతికి పోవాలి అన్నది మాత్రం అతని చేతిలోనే ఉంది.

స్వేచ్ఛగా విడుదల చేసిన ప్లగిన్‌కు బదిలీ లేదు. అది ఏ ఒక్క బడి కంప్యూటర్‌లోనూ లేదు. లేహ్‌లో ఉన్నా, శ్రీ విజయపురం (పూర్వపు పోర్ట్ బ్లెయిర్)లో ఉన్నా మీరు దాన్ని దిద్దగలరు. మీకు ఇక వీలుకాకపోతే దారులు ఉన్నాయి. వర్డ్‌ప్రెస్ జాబితాలో ప్లగిన్ యజమాని ఇంకొకరికి కోడ్ మార్చే హక్కు ఇవ్వవచ్చు, యాజమాన్యమే బదిలీ చేయవచ్చు. తీసుకునేవారు ఎవరూ కనబడకపోతే 'దత్తత తీసుకోండి' అనే అర్థం వచ్చే ట్యాగ్ పెట్టే వాడుక కూడా ఉంది. ఇవేవీ జరగకపోయినా, లైసెన్స్ ఉంది కనుక, బీ2ను అందుకున్నట్టు ఎవరో ఒకరు అందుకోగలరు.

అప్పగించేటప్పుడు ఈ నాలుగు చూసుకోండి. పాస్‌వర్డ్ ఇవ్వకండి, కొత్తవారి ఖాతాకు హక్కు ఇవ్వండి. తెలిసిన లోపాలు దాచకుండా రాయండి. ఒక పని ఇలాగే ఎందుకు చేశారో కారణం రాయండి, లేకపోతే వచ్చినవారు దాన్ని తప్పనుకుని మార్చేస్తారు. మీకంటే ముందు సాయం చేసినవారి పేర్లు ఉంచండి. మీరు 18 ఏళ్ళలోపువారు కాబట్టి ఖాతాలు తెరవడం, అసలు పేరు ప్రకటించడం వంటివి తల్లిదండ్రులకూ ఉపాధ్యాయులకూ చెప్పే చేయాలి. బడి సైటులో తోటి పిల్లల ఫొటోలు, ఫోన్ నంబర్లు, చిరునామాలు చూపే ప్లగిన్లు వారి ఇళ్ళవారి అనుమతి లేకుండా రాయకూడదు.

చాలా చిన్న ప్లగిన్ కదా, ఇంత అవసరమా అనిపించవచ్చు. హలో డాలీ కూడా చిన్నదే. రోజుకో తెలుగు మాట చూపించే నాలుగు డజన్ల పంక్తుల కోడ్, తెలుగు ఉపాధ్యాయులు లేని ఏదో ఊరి బడిలో ఒక తెలుగు పిల్లకు రోజుకో మాట అందిస్తే, అది మనం అక్కడికి వెళ్ళకుండానే చెప్పిన పాఠం.

పదజాలం

సోర్స్ కోడ్: ప్రోగ్రామర్ రాసిన మూల రూపం, మనుషులు చదవగలిగేది.
లైసెన్స్: కృతిని ఇతరులు ఏ షరతులతో వాడుకోవచ్చో తెలిపే అనుమతి పత్రం.
ఫోర్క్: ఉన్న కోడ్ నుంచి కొత్త పాయగా సాగే పని.
హుక్: మన కోడ్‌ను తగిలించే కొక్కెం.
రీడ్‌మీ: వాడేవారి కోసం రాసే పరిచయ పత్రం.

ఆలోచించి రాయండి

1. బీ2కు లైసెన్స్ లేకపోయి ఉంటే ఏం జరిగేది? ఐదు వాక్యాల్లో రాయండి.
2. 'ఉచితం' అనే మాటను రెండు అర్థాల్లోనూ సొంత వాక్యాల్లో వాడండి.
3. కింది పేర్లకు 'కు' లేదా 'కి' విభక్తి చేర్చండి: గౌరి, వెంకట్, భీముడు, ఫాతిమా, జోసెఫ్, లక్ష్మి. తర్వాత ప్రతి పేరుకూ 'గారికి' చేర్చి చూడండి. ఏ పద్ధతి యంత్రానికి సులువు? ఎందుకు?
4. వాడేవారు ఒకరు కోపంగా ఇలా రాశారు: 'మీ ప్లగిన్ వల్ల మా పేజీ ఖాళీగా వస్తోంది.' రెండు ప్రశ్నలు అడుగుతూ మర్యాదగా జవాబు రాయండి.

ప్రాజెక్టు పని

మీ బడిలో మీరు చూసుకునే పని ఒకటి ఎంచుకోండి: గోడపత్రిక, మొక్కల తోట, సైన్స్ క్లబ్ సామాను, వెబ్‌సైట్, ఏదైనా సరే. వచ్చే ఏప్రిల్‌లో మీకు బదిలీ అనుకుని, దానికి ఒక పేజీ రీడ్‌మీ తెలుగులో రాయండి. ఏం ఉంది, ఎలా నడుస్తుంది, ఏం సరిగా లేదు, ఎవరిని అడగాలి అన్నవి అందులో ఉండాలి. రాసినది ఆ పని తెలియని కింది తరగతి విద్యార్థికి ఇచ్చి, మిమ్మల్ని అడగకుండా ఆ పని ఒక్కరోజు చేయమనండి. ఎక్కడ ఆగిపోయారో గమనించి, ఆ చోట మళ్ళీ రాయండి.